తుమ్ముల మేడం పాస్ చేసిన లోడు

ఉద్యోగంలో చేరిన కొత్తలో లోకమంతా మన సంతకం కోసమే ఆగి ఉందనిపించే కాలం ఒకటుంటుంది. నాకది మహబూబాబాద్ దగ్గర ఒక చిన్న కారంపొడి మిల్లులో వచ్చింది. ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ చేతబట్టుకుని క్వాలిటీ ఆఫీసర్‌గా చేరాను. నా కింద ఎవరూ లేరు, నా పైన సేటు ఒక్కడే. మధ్యాహ్నం పూట వాకిట్లోని మిరపకాయల కుప్పల మీద ఎండ పడి, గాలికి కూడా లేత ఎరుపు అంటినట్టుండేది. ఆ ఎరుపులోకి చూస్తూ, రెండేళ్లలో మేనేజర్నై హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్నట్టు కలలు కనేదాన్ని. (మధ్యలో తుమ్మొచ్చి ఏసీ గది చెదిరిపోయేది.)

మొదటి వారమే, రంగు వెలిసిన తాలు కాయలను ఏరే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి నాణ్యత గురించి ప్రసంగం మొదలుపెట్టాను. వాక్యానికి రెండు తుమ్ములు. వాళ్లు ఓపిగ్గా ప్రతి తుమ్ముకూ ఆగారు. చివరికి వాళ్లలో పెద్దామె, అందరూ అవ్వా అని పిలిచే ఆమె, "నువ్వు జెప్పేది మంచిగనే ఉన్నది గని బిడ్డా, ముందుగాల ముక్కుకు బట్ట కట్టుకో" అంది. ఆ రోజు నుంచి నేను తుమ్ముల మేడాన్ని.

ఒకరోజు గార్ల వైపు నుంచి కాయల లోడు వచ్చింది. తేమ మీటరు సూదిని బస్తా పైభాగంలో గుచ్చాను. పచ్చ లైటు వెలిగింది. అడుగుదాకా పోనిస్తే తెల్లకోటు చెయ్యి ఎర్రబడుతుందని నా బాధ (ఆ కోటు ఉతుక్కునేది నేనే మరి). అవ్వ వచ్చి మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు తీసి వాసన చూసింది.

"అడుగున పచ్చిగున్నయి బిడ్డా. జర ఆరబెట్టినంక పట్టియ్యి."

"మీటరు మంచిగనే సూపెడుతున్నది అవ్వా."

"దాన్ని పైననే పెడితివి గద."

వినపడనట్టు నటించి, లోడు పాస్ చేస్తూ రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆ లోడు పట్టించిన కారం ప్యాకెట్లలో గడ్డకట్టి దుకాణాల నుంచి వెనక్కొచ్చింది. సేటు ఒక గడ్డను బల్ల మీద పెట్టి, ఏరే వాళ్లందరినీ పిలిపించాడు. "మీరు సక్కగ సూడకుంట ఏరితేనే గిట్లయింది. రేపటి సంది నలుగురు రావొద్దు" అని మొదట అవ్వ పేరే చెప్పాడు. అవ్వ తల దించుకుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఇంకాస్త తేలిగ్గా ఉండేదేమో. నేను బల్ల దగ్గరికి వెళ్లాను.

"సేటూ, ఆల్ల తప్పు గాదు. అవ్వ చెప్పింది, నేనే ఇనలే. సంతకం నాది."

అంత గంభీరమైన మాట చెప్పీ చెప్పగానే వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. ఎవరో కిసుక్కుమన్నారు. సేటు కూడా ఆపుకోలేకపోయాడు. "నిన్ను తీసేస్తే ఇంకో తుమ్ముల మేడంను యాడికెల్లి తెత్తు? నెలరోజులు అవ్వ పక్కన కూసొని పని నేర్సుకో" అన్నాడు. నలుగురి పనీ ఊడకుండా నిలిచింది.

ఆ నెలంతా ఎర్రటి మధ్యాహ్నాల్లో అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె నా చెవి దగ్గర కాయను ఊపి "ఇను" అనేది. బాగా ఎండిన కాయలో గింజలు సన్నగా గలగలమనేవి. వింటూ వింటూ ఎన్నిసార్లు కునికానో. చివర్లో, బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడాలని రిజిస్టర్‌లో కొత్త నియమం రాసి అవ్వకు చదివి వినిపించాను.

"నీ పేరు గూడ రాయాల్నా అవ్వా?"

"వద్దు తల్లీ. మల్ల గడ్డ కడితె నన్నే పిలుస్తరు."

ఇప్పుడు నేను కొత్తవాళ్లకు పని నేర్పుతున్నాను. అప్పుడప్పుడు వెనక్కి వెళ్లి, సంతకం కింద రెండు గీతలు గీస్తున్న అప్పటి నన్ను, ఆ పిల్లను, చెయ్యి పట్టుకుని ఆపితే బాగుండునని అనిపిస్తుంది. కానీ ఆపితే అవ్వ పక్కన కూర్చున్న ఆ నెల నాకు దక్కదు కదా. అందుకే నాలో నేనే నవ్వుకుని, ఆమెను సంతకం పెట్టనిస్తాను.