ఉప్పునీళ్ళు చాలన్నాను

పొద్దున్నే పళ్ళు తోముకుని పుక్కిలించేటప్పుడల్లా ఒక ముసలావిడ గుర్తొస్తుంది. ఆవిడ మొహం నేను చూడలేదు. పేరు కూడా తెలియదు. అయినా ఇన్నేళ్ళుగా ఆవిడ బరువు మోస్తూనే ఉన్నాను. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెబుతున్నాను.

తొంభైల్లో మాట. భిలాయిలో ఆఫీసర్ల క్వార్టర్లో ఉండేవాళ్ళం. మేం నలుగురు ఆడవాళ్ళం జట్టు కట్టి ప్రైమరీ స్కూళ్ళకు వెళ్ళి, పిల్లలకు పళ్ళు తోముకోవడం నేర్పేవాళ్ళం. ప్లాస్టర్‌తో చేసిన పెద్ద దవడ ఒకటి, మోచేతి పొడుగు బ్రష్షు ఒకటి, ఇవే మా సరంజామా. జట్టుకు పెద్ద వర్మ మేడమ్. ఆవిడకు తెలుగు రాదు. తెలుగు పిల్లలు ఏమన్నా అడిగితే ఆవిడకు హిందీలో చెప్పడం నా పని.

మొదట్లో ఒక పళ్ళ డాక్టరు మాకు పూటంతా పాఠం చెప్పాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొందరు చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారని, అలాంటివాళ్ళ అంగిట్లో తెల్ల మచ్చ ఉందని తెలిస్తే వెంటనే ఆస్పత్రికి చీటీ రాసి పంపమని, ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుందని చెప్పాడు. చీటీల పుస్తకం వర్మ మేడమ్ చేతికిచ్చాడు. "ఛీ, నిప్పు నోట్లోనా!" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వానేమో.

మా అమ్మ అడ్డపొగ తాగేది.

భిలాయిలోనే, కూలీలుండే క్యాంప్ 1 బస్తీలో, రెండు గదుల ఇంట్లో, నోట్లో నిప్పు ఉండగానే వంట చేసేది, నన్ను తిట్టేది. నేను చదువుకుని ఇంజనీరును చేసుకుని ఆఫీసర్లుండే సెక్టారుకు వచ్చాక, అమ్మ మా ఇంటికొస్తే స్నానాలగదిలో కూర్చోబెట్టి తలుపేసేదాన్ని. బయట అగరొత్తులు వెలిగించేదాన్ని. పాపం, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఒకరోజు క్యాంప్ 1 లోని స్కూలుకే వెళ్ళాం. మూడో తరగతి. పాఠం అయ్యాక గౌరి అనే పిల్ల లేచింది. ఆ ఏడే ఊరి నుంచి వచ్చింది, హిందీ ఇంకా పట్టుబడలేదు.

"టీచరు గోరూ, మా మామ్మ అడ్డపొగ కాలుస్తాది. అంగిట్లో తెల్లగా మచ్చ అయిపోనాది. కూర్లో కారం తగిల్తే సాలు, ఏడుస్తాది. బ్రష్షుతో తోమితే పోద్దేటి?"

"క్యా పూఛ్ రహీ హై బచ్చీ?" అంది వర్మ మేడమ్, పిల్ల ఏమడుగుతోందో అర్థంకాక. చీటీల పుస్తకం ఆవిడ ఒళ్ళోనే ఉంది.

ఏం భయపడ్డాను? ఆవిడ నా వైపు తిరిగి, మీవాళ్ళు నిజంగానే ఇలా తాగుతారా అని అడుగుతుందని. అంతే. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో, ఆ క్షణాన్ని ఎన్ని వైపుల నుంచి తిరగేసి చూసుకున్నానో చెప్పలేను. ఏ వైపు నుంచి చూసినా అంతే.

"ఉప్పుతో పళ్ళు తోముకోవచ్చా అని అడుగుతోంది" అని హిందీలో చెప్పాను. మేడమ్ మెచ్చుకోలుగా తలూపింది. గౌరితో మాత్రం మా అమ్మ భాషలో చెప్పాను.

"పోద్దిలే అమ్మా. ఉప్పునీలు పుక్కిలించమను, సాలు."

ఆ ఆదివారమే అమ్మను పక్క ఊరు దుర్గ్‌లో వేరే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. నోరు బాగానే ఉందన్నాడు. ఇంటికొచ్చి చుట్టలన్నీ కాలవలో పారేశాను. నెలరోజులు తిట్టింది, తర్వాత చుట్ట మానేసింది. చాలా ఏళ్ళు బతికింది. అంటే, దేనికి భయపడాలో నాకు బాగా తెలుసు. తెలియక చేశానని సరిపెట్టుకోవడానికి కూడా దారి లేదు.

అమ్మను చూడ్డానికి ప్రతివారం ఆ స్కూలు పక్కనుంచే వెళ్ళేదాన్ని. ఒక్కసారి ఆగి గౌరి ఇల్లెక్కడని అడగొచ్చు. రేపు అడుగుదామనుకునేదాన్ని. అలా ఏడాది గడిచింది.

మళ్ళీ ఆ స్కూలుకు వెళ్ళినప్పుడు గౌరి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఈసారి హిందీలోనే, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడింది. మీరు చెప్పిన ఉప్పునీళ్ళు నేనే రోజూ కలిపిచ్చేదాన్ని దీదీ, నోరు తెరుచుకోకపోతే చెంచాతో పోసేదాన్ని, దసరా సెలవుల్లో మామ్మ పోయింది, అంది. ఆ కళ్ళలో నా మీద కోపం లేదు. చెప్పిన పని మానకుండా చేశానని చెప్పుకోవడమే ఉంది. వర్మ మేడమ్ ఆ పిల్ల తల నిమిరింది. నేను ప్లాస్టర్ దవడ చేతిలోకి తీసుకుని, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి అంటూ పాఠం మొదలుపెట్టాను.

అప్పటికే ఆలస్యమైపోయిందేమో, చీటీ రాసినా బతికేది కాదేమో. ఈ మాట నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఎప్పుడూ నమ్మలేదు. గౌరి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. తెలిసినా ఎదురుపడే ధైర్యం ఉందనుకోను.

ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఈ ఉదయం పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఆ రోజు వర్మ మేడమ్‌కు చెప్పాల్సిన మాట వంటగదిలో నిలబడి పైకే అన్నాను. ఈ పాప వాళ్ళ మామ్మ అంగిట్లో తెల్ల మచ్చ ఉందట మేడమ్, మా అమ్మ కూడా అలాగే తాగుతుంది, చీటీ రాయండి. వినేవాళ్ళు ఎవరూ లేరు. చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.