నిమిషానికి ఒక గడి

మా ఇంట్లో పనిచేసే యాదమ్మ ఇంద్రేశం నుంచి షేర్ ఆటోలో వస్తుంది. రావాల్సింది ఏడింటికి, రోజూ ఆలస్యమే. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చదువు రాదు కాబట్టి బొమ్మ గీస్తే అర్థమవుతుందని, మనవరాలి గ్రాఫు కాగితం మీద రోజుకో ఎర్ర కడ్డీ గీసి ఫ్రిజ్‌కి అంటించాను. నిమిషం ఆలస్యానికి ఒక గడి.

అప్పటి నుంచి ఏడు కాకముందే వస్తోంది. నా పద్ధతి పనిచేసిందని మురిసిపోయాను.

ఈ ఉదయం గిన్నెలు తోముతూ తోముతూ కూలబడింది. ఏమైనా తిన్నావా అని అడిగాను.

“యాడ తింట అమ్మా. వారం సంది చాయ్ గూడ తాగకుండ ఉరికొస్తున్న. గా పొడుగు గీత సూస్తే భయమైతది. ఆ దినం గంట లేటైందా?”

“పన్నెండు నిమిషాలు.”

“పన్నెండేనా? గంతదానికే తాటిచెట్టంత గీసిన్రా అమ్మా?”

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. గ్రాఫు మీద స్కేలు రాయని పిల్లలకు మార్కులు కోసేదాన్ని. ఈ కాగితం మీద నేనూ రాయలేదు. రాసినా ఆమె చదవలేదని తెలిసే గీశాను.

కాగితం తీసేసి, నాలుగు ఇడ్లీలు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చున్నాను. తప్పు నాదన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రేపు చెప్పాలి. మీరైతే ఎలా మొదలుపెడతారు?