ఆమె చూసి చెప్పినవి

నిన్న మధ్యాహ్నం నాలుగూ ఇరవైకి కళ్ళద్దాలు కనపడక, "యాడ పెట్టినానో సూడు" అని వంటింటి వైపు కేకేశాను. వంటింట్లో ఎవరూ లేరు. ఎనిమిది నెలలుగా లేరు.

ఏదైనా కనపడకుండా పోతే నా భార్య లేచి వెతికేది కాదు. బియ్యం ఏరుతున్న చేయి ఆపి, కళ్ళు మూసుకుని, ఉన్నచోటనే ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చేది. "ఫ్రిజ్జు మీదుండాయి మామా, అటుకుల డబ్బా ఎనక. పేపరు సదివి ఆడ పెట్టినావు." అక్కడే ఉండేవి.

'కళ్ళ ముందు మెదిలింది' అని పుస్తకాల్లో చదివినప్పుడల్లా అది రాసేవాళ్ళు అలవాటుగా వాడే ఉత్త మాట అనుకునేవాణ్ణి, యాభై దాటేదాకా. ఒకసారి కొండ మీద దర్శనం అయ్యాక ఆమె బయట మెట్టు మీద కూర్చుని ఎంతకీ కళ్ళు తెరవలేదు. నిద్రపోయిందేమోనని తట్టాను.

"సామిని సూస్తా ఉండా. లోపల జరగండి జరగండి అని తోసేస్తే యాడ సూడనిచ్చినారు? నువ్వూ మూసుకో. ఏం కనపడతా ఉండాది?"

"చీకటి."

నవ్వింది. "అయితే నేను పలమనేరు మాయమ్మోళ్ళింటికి పోతే నా మొగం ఎట్ల కనపడతాది నీకు?"

ఎడమ కనుబొమ దగ్గర పుట్టుమచ్చ, నవ్వితే పక్కకు జరిగే పెదవి, అన్నీ చెప్పాను. "తెలుసు. కనపడదు, అంతే."

ఆమె నవ్వు ఆగిపోయింది. "పోనీలే మామా, ఇద్దరికీ నేనే సూస్తాలే" అంది.

అప్పటినుంచి సాయంత్రాలు మిద్దె మీద కళ్ళు మూసుకుని కూర్చుని, కనపడినవన్నీ నాకు చెప్పేది. పలమనేరులో పాలకేంద్రం ముందు క్యాన్ల వరస, పెళ్ళినాడు నా చొక్కాకు అంటిన గంధం మరక, అది ఏ భుజం మీదో కూడా.

పోయిన వారం పలమనేరు నుంచి మరదలు ఫోన్ చేసింది. "కండ్లు మూస్తే సాలు బావా, అక్క ఎదురుగా కూసోనుంటాది. నీకూ అంతే గదా?"

"అంతేనమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టేసి కళ్ళు మూసుకున్నాను. పుట్టుమచ్చ ఎటువైపో తెలుసు. ముఖం లేదు. ఫోటో చూసినంతసేపే ముఖం, తల తిప్పితే పోతుంది. ఆమె చూసి చెప్పినవాటిలోనైనా ఉంటుందేమోనని ఒక్కొక్కటే తలుచుకున్నాను. క్యాన్లు ఉన్నాయి, గంధం ఉంది, నేనున్నాను. ఆమె లేదు. చూస్తున్నది ఆమె కదా, తనకు తాను ఎట్లా కనపడుతుంది? అద్దంలో నువ్వెట్లుంటావో చెప్పమని ఒక్కసారైనా నేను అడగలేదు.

కళ్ళద్దాలు గంటసేపు వెతికితే కిటికీ గూట్లో దొరికాయి. ఈ ఇంట్లో ఇప్పుడు ఏదైనా పోతే లేచి వెతకడమే. కళ్ళు మూసుకుని ఎవరూ చూడరు.