ఖాళీ అని రాసిన గుట్ట

ఈ ఉదయం భూపాలపల్లి అవతలి గుట్ట కింద కూర్చుని, మోకాలెత్తు కూడా లేని తునికి మోడును కొడవలి మొనతో గీకాను. పచ్చి బెరడు వాసన గుప్పుమంది. "ఏం చేస్తున్నారు మేడం?" అని మా పై అధికారి విసుక్కున్నాడు. "బతికున్నదో లేదో చూస్తున్న సార్" అన్నాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు బుచ్చవ్వ గుర్తుకొస్తుంది. ఈ కొడవలి ఆమెదే.

నాది జనగామ. అటవీ శాఖలో ఉద్యోగం రాగానే మహబూబాబాద్ జిల్లాకు, గూడూరు వైపు ఒక పల్లెకు పంపారు. ఊరి వెనక గుట్ట మీద మళ్లీ అడవి పెంచుతారట, ముందు అక్కడేముందో రాసివ్వమన్నారు. ఒక పూట తిరిగాను. నిలబడ్డ చెట్టు ఒక్కటీ కనబడలేదు. 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టాను. ఖాళీ అంటే యంత్రంతో దున్నించి నీలగిరి నాటవచ్చు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇప్పటికీ నా మీద నాకు కోపమొచ్చేది అక్కడే.

బుచ్చవ్వ ఆ ఊళ్లో బీడీలకు తునికాకు కోసే ఆడవాళ్లకు పెద్ద. కోతకు ముందు తునికి పొదలను మొదలంటా కొడతారు, అప్పుడే లేతాకు వస్తుంది. ఏటా కొట్టే చెయ్యి కనుక, మళ్లీ ఏది మొలుస్తుందో ఆమెకు బాగా తెలుసు. నేను రాసింది విని నేరుగా వచ్చి, నా చెయ్యి పట్టుకుని గుట్టెక్కించింది. ఒక మోడు ముందు కూలబడి కొడవలితో గీకింది. లోపల పచ్చగా ఉంది.

"గిదేంది బిడ్డా?"

"మోడు అవ్వా."

"నల్లమద్ది. కిందంత ఏర్లున్నయి. నిప్పు వడకుంట, బర్లు మెయ్యకుంట జర ఇడిసిపెట్టు, గదే లేస్తది. సచ్చిందని ఎవలు జెప్పిండ్రు?"

చెప్పింది నేనే.

వారం తిరక్కుండానే బడి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. నీలగిరైతే తొందరగా పెరుగుతుందని మాజీ సర్పంచ్ అన్నాడు. "బర్లను ఏడ మేపాలె?" అని ఒకాయన లేచాడు. "అడివి వెంచితే కోతులు ఇంకింత ఎక్కువైతయి. ఇప్పటికే మక్కజొన్న దక్కుతలేదు" అని మరొకాయన. ఎవరి బాధా అబద్ధం కాదు. అప్పుడు బుచ్చవ్వ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"తునికిపండ్లు, మొర్రిపండ్లు ఉన్నన్నాళ్లు కోతులు మనిండ్లకు వచ్చినయా? వాటి బువ్వ మనమే నరికితిమి. నీలగిరి ఆకు వెడితే తింటయా?"

జనం నవ్వారు. మాజీ సర్పంచ్ మాత్రం నవ్వలేదు. "గుట్ట ఖాళీ అని మేడమే రాసింది గదా అవ్వా!" అన్నాడు. సభంతా నావైపు తిరిగింది. బుచ్చవ్వ ఒక్కతే చూడలేదు. ఆమె నన్ను సాయమూ అడగలేదు.

నేను లేచాను. "నేను తప్పు రాసిన. గుట్ట బతికే ఉన్నది" అన్నాను. వేదిక మీదున్న అప్పటి పై అధికారి రుజువేదని కళ్లురిమాడు.

"ఎక్కుండ్రి గుట్ట" అంది బుచ్చవ్వ.

ఎక్కాం. ఆమె, ఆమె తోటి ఆడవాళ్లు అంతకు రెండు రోజుల ముందే పాత చీరలు చింపి, బతికున్న ప్రతి మోడుకూ పేలిక కట్టారు. ఎర్రవి, పసుపువి, వెలిసిపోయినవి. గుట్టంతా పేలికలే. మేత కోసం కింది చెలక నేల వదలాలని, పైన దున్నకూడదని ఆడవాళ్లు అక్కడే నిలబడి అధికారిని ఒప్పించుకున్నారు. రాసింది తప్పని సభలో అన్నందుకు నాకు మెమో వచ్చింది, తర్వాత బదిలీ కూడా. మెమోను బీరువాలో దాచుకున్నాను, బుద్ధి మాత్రం రాలేదు. పోతుంటే బుచ్చవ్వ తన కొడవలి నా సంచిలో వేసింది. ఆమె ఇప్పుడు లేదు. నల్లమద్దులు మాత్రం ఇద్దరు మనుషులెత్తున ఉన్నాయి, పోయిన నెల వెళ్లి చూసి వచ్చాను.

"ఖాళీ అని రాసెయ్యండి మేడం, ఎండ ముదురుతోంది" అని ఈ పొద్దు అధికారి కాగితం చాపాడు. నేను చున్నీ అంచు చించి తునికి మోడుకు కట్టాను.

"రాయను సార్" అని, కొడవలి తీసుకుని పక్క మోడు దగ్గరికి నడిచాను.