మూడో అంతస్తు వాల్వు

ఆ భవనంలో అందరూ అతన్ని పంపాయన అనేవారు. అసలు పేరు ఒకటి ఉండాలి. దానితో ఎవరికీ పని పడలేదు.

నేల కింద మోటారు గది. తడి సిమెంటు వాసన, ఒక స్టూలు, మేకుకు వేలాడే పానా. సంపులోని నీటిని మోటారు మేడ మీది ట్యాంకుకు ఎత్తుతుంది. ట్యాంకు నుంచి ఒక్కో అంతస్తుకు ఒక్కో పైపు దిగుతుంది. ఆ పైపుల వాల్వులు మేడ మీద పిట్టగోడ పక్కన వరుసగా ఉంటాయి. ఏది ఏ అంతస్తుదో వాటి మీద రాసి లేదు. తిప్పే చక్రాలు కూడా లేవు. అన్నీ ఊడదీసి, ఒక్క చక్రం మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు పంపాయన. దొంగల భయం అని చెప్పేవాడు. తుప్పు పట్టిన చక్రాన్ని ఏ దొంగ ఎత్తుకుపోతాడో ఎవరూ అడగలేదు.

అతని సిద్ధాంతం చిన్నది. నీళ్లు వస్తున్నంతసేపు జనానికి నీళ్లు కూడా గుర్తుండవు. ఆగితే పంపాయన గుర్తొస్తాడు. అందుకని పొద్దున్నే ఏదో ఒక వాల్వును కాస్త బిగించి వచ్చేవాడు. కాసేపటికి మెట్ల మీంచి కేక వినబడేది.

"పంపాయనా! ఓ పంపాయనా!"

మొదటి కేకకు పలికేవాడు కాదు. రెండో కేకలో కాస్త దీనత్వం చేరుతుంది. అప్పుడు పానా భుజాన వేసుకుని బయల్దేరేవాడు. లిఫ్టు ఉంది. కానీ లిఫ్టులో పోయే మనిషి ఎవరికీ కనబడడు. అంతస్తు అంతస్తుకూ కనబడుతూ మెట్లెక్కి, మేడ మీద చక్రం తిప్పి, దిగి వచ్చి నుదురు తుడుచుకునేవాడు.

"గాలి పట్టిందమ్మా. తీసేశాను."

"నువ్వు లేకపోతే మా గతేంటయ్యా!"

ఆ మాట కోసమే అన్ని మెట్లూ.

మూడో అంతస్తులో గుండె డాక్టరు ఉండేవాడు. ఆయన నీళ్లు రాకపోయినా కేక వేసేవాడు కాదు. బకెట్లో ఉన్నవాటితో ముఖం కడుక్కుని వెళ్లిపోయేవాడు. కింద ఎదురైతే పంపాయన అక్కడ లేనట్టే వెనక ఉన్న గోడను చూసేవాడు. అందుచేత మూడో అంతస్తు వాల్వు మిగతావాటికన్నా తరచుగా బిగుసుకునేది.

పంపాయన భార్యకు ఇదంతా తెలుసు. అతను టీ తాగడానికి ఇంటికి రాగానే అడిగేది.

"ఇవాళ ఎవరి గొంతు నొక్కొచ్చారు?"

"నోర్ముయ్యవే. ఎవరైనా వింటారు."

"వింటే నాకేం? చక్రం మీ జేబులో ఉంది, నా కొంగున కాదు."

అలా సాగిపోతుండగా భవన సంఘం అధ్యక్షుడికి ఒక ఆలోచన వచ్చింది. మోటారుకు ఆటోమేటిక్ పెట్టె బిగించాలని. ట్యాంకు ఖాళీ అయితే తనే వేసుకుంటుంది, నిండితే తనే ఆపుకుంటుంది, జ్వరం రాదు, పెళ్లిళ్లకు పోదు. బిగించే ఎలక్ట్రీషియన్ ఎవరో కాదు, పంపాయన బావమరిది.

"నా కడుపు మీద కొట్టడానికి నువ్వే దొరికావురా?"

"నేను కాకపోతే ఇంకొకడు కొడతాడు బావా. నేనైతే మెల్లిగా కొడతాను."

అధ్యక్షుడు ఇంకా తేల్చలేదు. పంపాయన పని చేస్తున్నంతకాలం తొందర లేదన్నాడు. సరిగ్గా ఆ వారంలోనే పంపాయనకు మెట్ల మీద ఛాతీలో నొప్పి మొదలైంది.

బండరాయి పెట్టినట్టు బరువు. ఎడమ చేతిలోకి దిగేది. ఆగి నిలబడితే తగ్గేది. ఎక్కితే మళ్లీ వచ్చేది. భార్యకు చెప్పాడు. ఆమె డాక్టరు దగ్గరికి పదండి అంది.

"డాక్టరెందుకు? నాకు తెలీని జబ్బా ఇది? లోపల గాలి పట్టింది. మోటారు తిరుగుతుంది, నీళ్లు ఎక్కవు. అంతే."

"అయితే ఏం చేస్తారు?"

"మోటారును ఏం చేస్తాను? నిండుగా తిప్పుతాను. ఒత్తిడి పెరిగితే గాలి అదే తన్నుకుపోతుంది."

అసలు సంగతి గాలి కాదు. మంచం ఎక్కితే పెట్టె వస్తుంది. భార్య ఆ మాట ఎత్తలేదు. ఎత్తి లాభం లేదని తెలుసు.

మర్నాడు పొద్దున మూడో అంతస్తు వాల్వు దాదాపు మొత్తం బిగించి కిందికి వచ్చాడు. గదిలో కూర్చోగానే బరువు మొదలైంది. ఈసారి కూర్చున్నా తగ్గలేదు. సరే, వైద్యం చేద్దామనుకున్నాడు. ఛాతీలోని గాలిని తరిమేయడానికి మెట్లు పరుగున ఎక్కాడు.

మూడో అంతస్తు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది.

అదే సమయంలో తలుపు తెరుచుకుంది. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ సబ్బు నురగతో, తువ్వాలు కట్టుకుని డాక్టరు బయటికి వచ్చాడు. ఆ రోజు బకెట్లో కూడా నీళ్లు లేవు. జీవితంలో మొదటిసారి ఆయన కేక వేశాడు.

"పంపాయనా!"

"ఇక్కడే ఉన్నానండి," అంది కాళ్ల దగ్గర్నుంచి ఒక గొంతు.

డాక్టరు వంగి చూశాడు. నీళ్ల మాట మరిచిపోయాడు. మణికట్టు పట్టుకున్నాడు. ఛాతీ మీద చెయ్యి వేస్తే ఇనుము తగిలింది.

"ఏంటిది?"

"చక్రం సార్. ఏం లేదు, గాలి పట్టిందంతే…"

"నోరు మూసుకుని కదలకుండా కూర్చో."

ఆ నురగతోనే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గుమ్మంలో కాపలావాడు డాక్టర్ని ఆపి, రోగి ఎవరని అడిగాడట.

మణికట్టు దగ్గర సన్నని తీగ లోపలికి పంపి, గుండె దాకా నడిపించి, మూసుకున్న చోట చిన్న జాలీ గొట్టం విప్పారు. పంపాయన మెలకువగానే ఉన్నాడు. కుళాయిలోంచి తీగ దూర్చి మోటారును బాగుచేయడం ఎక్కడా చూడలేదు. నచ్చలేదు కూడా.

రెండో రోజు డాక్టరు మంచం పక్కన కూర్చున్నాడు. భార్య, బావమరిది నిలబడ్డారు. భార్య సంచిలో అతని చొక్కా, చొక్కాలో చక్రం ఉన్నాయి.

"గుండె ఒక పంపు అనుకో," అన్నాడు డాక్టరు.

"ఎన్ని గుర్రాల శక్తి?"

"వేళాకోళం కాదు. అసలు రెండు పంపులు, ఒకే గోడకు రెండు వైపులా. కుడివైపుది వాడిన నెత్తుర్ని ఊపిరితిత్తులకు పంపుతుంది, గాలి నింపుకు రావడానికి. ఎడమవైపుది ఆ తాజా నెత్తుర్ని ఒళ్లంతా తోస్తుంది. మధ్యలో తలుపులుంటాయి. పోయింది వెనక్కి రాకుండా మూసుకుంటాయి."

"ఫుట్ వాల్వు," అన్నాడు పంపాయన. ఇంతవరకు ఒప్పుకున్నాడు. "మరి కరెంటు?"

"గుండెలోనే పుడుతుంది. కుడివైపు పై గదిలో చిన్న ముద్ద ఉంటుంది. ఎప్పుడు కొట్టుకోవాలో అదే చెబుతుంది. పడుకుంటే నెమ్మది, పరిగెత్తితే జోరు. ఎవరూ స్విచ్చి వేయక్కర్లేదు."

బావమరిది ముఖం వెలిగిపోయింది. "బావా! పుట్టినప్పటి నుంచి నీ లోపల ఆటోమేటిక్ పెట్టె ఉందట!"

పంపాయన గోడ వైపు తిరిగాడు. అటు నుంచే అడిగాడు.

"ఒళ్లంతా నెత్తురు తోసేదానికి నెత్తురు కరువేంటి సార్? నిండుగా ఉన్న పంపు దాహంతో ఎలా చస్తుంది?"

"తన గదుల్లోంచి పోయేది అది తాగదయ్యా. దాని గోడ మందం. బయటి నుంచి దానికని రెండు సన్న గొట్టాలున్నాయి. అందులో ఒకటి కొవ్వు పేరుకుని ఇరుకైంది. మెట్లెక్కితే గుండె ఎక్కువ అడుగుతుంది, ఇరుకు గొట్టం ఇవ్వలేదు. అదే నీ బరువు. ఆ పొద్దున అక్కడ నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోయింది. నువ్వేమో పరిగెత్తావు."

"నిండుగా తిప్పితే…"

"మోటారు కాలిపోయేది. ఇంకో మాట విను. గుండె తన వాటా ఎక్కువగా తీసుకునేది కొట్టుకునేటప్పుడు కాదు. కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య వదులైనప్పుడు. బిగిసినప్పుడు ఆ గొట్టాలు నలుగుతాయి. వదిలితేనే దానికి అందుతుంది."

ఇది పంపాయనకు కొత్త. అతనికి తెలిసిన మోటార్లేవీ ఆగి ఉండగా నీళ్లు తాగవు.

డాక్టరు లేస్తూ నిట్టూర్చాడు. "నీ గొట్టం బాగైంది. మా ఇంటి గొట్టమే బాగవలేదు. ఆ రోజు నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. చూడగానే అర్థమైంది నాకు. ఏళ్ల తరబడి లోపల పేరుకుపోయింది. అచ్చం నీ కేసే. అధ్యక్షుడికి చెప్పాను, గోడ కొట్టి పైపు మార్చాల్సిందేనని. ఎల్లుండి మొదలు."

పంపాయన చూపు భార్య సంచి మీద పడింది. బావమరిది తల గోక్కున్నాడు. "మేడెక్కి చూశాను బావా. ఏది ఏదో తెలీదు, చక్రాల్లేవు. నువ్వొచ్చేదాకా కాదులే అని పెట్టె మాత్రం బిగించేశాను."

డాక్టరు, బావమరిది వెళ్లాక భార్య సంచి మంచం మీద పెట్టింది.

"చెప్పండి."

"చెబితే పనిలోంచి పీకేస్తారు. ఇప్పటికే పెట్టె వచ్చింది."

"చెప్పకపోతే గోడ పీకేస్తారు. ఆయన మీ మూత విప్పాడు. ఆయన మూత మీ జేబులో ఉంది."

"గోడే కదా. మళ్లీ కడతారు."

"కొత్త పైపు వేసినా మీ వాల్వు కిందనే కదా వేస్తారు? అప్పుడేం కొడతారు, ఇల్లా?"

పంపాయన దుప్పటి కప్పుకున్నాడు. ఆలోచిస్తున్నాడో నిద్రపోతున్నాడో ఆమె అడగలేదు.

గోడ కొట్టే రోజునే అతన్ని ఇంటికి పంపారు. మెట్లు ఎక్కొద్దన్నారు. భార్య అతన్ని లిఫ్టులో మూడో అంతస్తుకు తీసుకెళ్లింది. ఇంట్లోకి కాదు, తిన్నగా అక్కడికే. ఎందుకని అతనూ అడగలేదు.

డాక్టరు గుమ్మం ముందు తాపీమేస్త్రి ఉలి పదును చూసుకుంటున్నాడు. పక్కనే బావమరిది నిలబడ్డాడు. అధ్యక్షుడు ఉపన్యాసం మధ్యలో ఉన్నాడు. నిర్లక్ష్యం చేసిన పైపు గురించి. గోడ మీద డాక్టరు సుద్దతో గీత గీసి ఉంచాడు, ఎక్కడ కోయాలో. గీత చాలా తిన్నగా ఉంది.

మేస్త్రి సుత్తి ఎత్తాడు.

"కొట్టకండి," అన్నాడు పంపాయన. "అందులో ఏమీ పేరుకోలేదు. వాల్వు నేనే బిగించాను."

సుత్తి గాలిలో ఆగింది.

"ఎప్పుడు?" అన్నాడు డాక్టరు.

"ఆ రోజు పొద్దున."

"అంతకు ముందు?"

"అప్పుడప్పుడు."

"మిగతా అంతస్తులకూ?"

"వంతుల వారీగా సార్. మీకు కాస్త ఎక్కువ."

"ఎందుకు?"

పంపాయన నేల చూశాడు. "ఆ రోజు దాకా మీరు ఒక్కసారి కూడా పిలవలేదు."

అధ్యక్షుడి మెడ నరం ఉబ్బింది. "ఇన్నేళ్లూ మాతో ఆడుకున్నావా? ఇవాళ్టితో నీకూ ఈ భవనానికీ…"

"ఉండండి," అన్నాడు డాక్టరు. సుద్ద గీతను వేలితో తుడిచాడు. పూర్తిగా పోలేదు. "ఆ రోజు నీళ్లు వచ్చి ఉంటే గడ్డం ముగించుకుని వెళ్లిపోయేవాణ్ణి. మెట్ల మీద వీడొక్కడే ఉండేవాడు. అంటే వీణ్ణి బతికించింది…"

"ఆ మాట పైకి అనకండి సార్. మా ఆవిడ వింటే రోజూ మూయమంటుంది."

"నేనెందుకంటాను?" అంది భార్య. సంచిలోంచి చక్రం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "పోరా. మీ బావ చెప్పింది తిప్పిరా."

"గోడ మూల నుంచి రెండోది," అన్నాడు పంపాయన. జీవితంలో మొదటిసారి ఆ రహస్యం బయటపెట్టాడు. "మొత్తం విప్పు. సగంలో ఆపకు. తర్వాత చక్రం దానికే బిగించేసి రా."

బావమరిది పరుగున ఎక్కాడు. పంపాయనను మెట్టు మీద కూర్చోబెట్టారు. అక్కడే, ఆ రోజు కూర్చున్న చోటే. అధ్యక్షుడు అతన్ని తీసేసే ప్రసంగాన్ని మనసులో దిద్దుకుంటున్నాడు. పెట్టె ఉంది కాబట్టి పెద్ద ప్రసంగం అక్కర్లేదు.

పైన ఇనుము కీచుమంది. గోడలో ఏదో దగ్గింది. డాక్టరు స్నానాల గదిలో కుళాయి రెండుసార్లు ఉమ్మి, ఎర్రగా పోసి, తెల్లబడి, నిండుగా దూకింది.

పంపాయన అరచేయి గోడకు ఆనించాడు. లోపల చల్లగా, ఎడతెగకుండా పోతోంది. డాక్టరు అలవాటుగా అతని రెండో చేతి మణికట్టు పట్టుకుని గడియారం చూసుకున్నాడు.

"ఎలా ఉంది సార్?"

"బాగానే పోతోంది. నీది?"

"ఇదీ బాగానే పోతోంది."

లోపల కుళాయి అలాగే పారుతోంది. కట్టేయాలని ఎవరికీ తోచలేదు. కాసేపటికి కిందనుంచి, కొత్త పెట్టె పెట్టిన మోటారు తనంతట తనే వేసుకున్న చప్పుడు వినబడింది. పంపాయన లేవబోయాడు.

"కూర్చో," అన్నాడు డాక్టరు. "నిన్ను పిలవలేదు."

అతను కూర్చున్నాడు.