ఎడమవైపు వాలిన కాజాలు

ఆ వీధిలో ఎవరిని అడిగినా ఆమె అసలు పేరు చెప్పలేరు. కాజాలక్క అంటే మాత్రం కళ్ళు మూసుకుని ఇల్లు చూపిస్తారు. కోటుకి బొత్తాం దూరే చీలిక ఉంటుంది చూడండి, దాని అంచుని దారంతో గట్టిగా అల్లితేనే చిరగకుండా నిలుస్తుంది. అదే కాజా. పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేసిన పని అదొక్కటే. కాపలావాళ్ళకి, బస్సు డ్రైవర్లకి మందపాటి కోట్లు కుట్టే కర్మాగారం ఒకటుంది. మిషను మీద కుట్టిన కాజా ఆ మందపు గుడ్డలో ఏడాది తిరక్కుండానే నోరు వెళ్ళబెడుతుందని అక్కడ చేత్తోనే కుట్టించేవారు. కోటుకి ఆరు కాజాలు. కూలి కోటుకింత అని.

మనిషి పొట్టి, మాట గట్టి. ఆమె నవ్విందంటే మెట్ల మీద పావురాలు లేచిపోయేవి. భర్త జ్వరంతో పోయి తొమ్మిదేళ్ళయింది. ఎవరి ముందూ కళ్ళు తుడుచుకోలేదు. ఒకావిడ జాలిపడబోతే, "కళ్ళలో నీళ్ళుంటే సూది బెజ్జం కనపడదమ్మా, అంత తీరిక నాకెక్కడిది?" అని ఆవిడ నోరు మూయించింది.

ఉన్నది ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఏటి మీద పాత వంతెన దాటుతూ, "ఇది కింద పడకుండా ఎవరు పట్టుకున్నారమ్మా?" అని అడిగిన పిల్ల. ఆ ప్రశ్నని వదలకుండానే పెరిగింది. వంతెనలు కట్టే చదువుకి విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంది. కాగితం వచ్చిన రోజు కాజాలక్క ఇంటింటి గుమ్మం తొక్కి చెప్పి వచ్చింది. అందరికన్నా ముందు తొక్కింది తాముండే ఇంటి మెట్ల కింది గది గుమ్మం. అక్కడ ఉండేది కళ్ళజోడు పిన్ని.

పిన్ని అంటే చుట్టమేమీ కాదు, అయినా కాజాలక్క కూతురికి ఆమే అమ్మమ్మ. కర్మాగారంలో చేరిన కొత్తలో కాజాలక్క వేళ్ళు పట్టుకుని పని నేర్పింది ఆమే. పిన్నిది ఎడమచేతి వాటం. పొడుస్తూ, లాగుతూ, ముడేస్తూ, "నా చెయ్యి చూసి కుట్టకే, అద్దంలో చూసినట్టు తిప్పుకుని కుట్టు" అని నవ్వుతూ చెప్పేది. ఆరేళ్ళ కింద పిన్ని కళ్ళు మసకబారాయి. కళ్ళజోడు అద్దాలు సీసా అడుగంత మందమైనా లాభం లేకపోయింది. చూపు తగ్గినవాళ్ళు ఇంటికి వెళ్ళాలన్నది యజమాని పెట్టిన రూలు. కోటు కర్మాగారం గేటు దాటకూడదన్నది ఇంకో రూలు. పిన్ని మొదటి రూలుకి తలవంచింది. రెండో రూలుని కాజాలక్క తప్పించింది. రోజూ సాయంత్రం సంచిలో నాలుగైదు కోట్లు మడిచి తెచ్చి పిన్ని గదిలో పెట్టేది. పిన్ని వేళ్ళతో తడుముకుంటూ కుట్టేది. వేళ్ళకి కళ్ళుండేవి ఆ మనిషికి. తెల్లారి ఆ కోట్లు తిరిగి కర్మాగారం చేరేవి, కాజాలక్క కూలి కార్డు మీద ఎక్కేవి. శనివారం కూలి రాగానే పిన్ని వాటా పిన్ని చేతిలో పడేది. అందులో ఒక్క పైసా కూడా కాజాలక్క తనదనుకోలేదు. తనదనుకోలేదు కాబట్టే, కాగితం మాత్రం దాన్ని తనదే అంటుందని ఆమెకి తట్టలేదు.

విశ్వవిద్యాలయంలో ఫీజుల సాయం కౌంటరు ఒక పొడుగాటి వరండా చివర ఉంది. అద్దం వెనక కూర్చున్న గుమాస్తా ఓపికగల మనిషి. ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది.

"మార్కుల స్కాలర్‌షిప్ ఉందమ్మా, మీ అమ్మాయికి మూడు మార్కులు తక్కువయ్యాయి. బ్యాంకు అప్పు ఉంది, దానికి నెలజీతం వచ్చే మనిషి హామీ సంతకం పెట్టాలి. ఇక్కడే లైబ్రరీలో పని ఇస్తారు, దాంతో హాస్టల్ భోజనం గడుస్తుంది, ఫీజు గడవదు. దాతల ట్రస్టు ఒకటుంది గానీ, దాని గడువు పోయిన నెలతో అయిపోయింది."

"అయితే అన్నీ ఉన్నాయి, మాకే ఏమీ లేవన్నమాట," అంది కాజాలక్క.

గుమాస్తా నవ్వాపుకోలేకపోయింది. "ఒకటుందమ్మా. ఫీజు మాఫీ. మొత్తం మాఫీ. పోయిన ఏడాది ఇంటి ఆదాయం ఇదిగో, ఈ గీత కింద ఉండాలి. ఏటా చూపించాలి. పనిచేసే చోట సర్టిఫికెట్ రాయించుకు రండి."

"గీత కిందేనా? మేం పుట్టిందే దాని కింద తల్లీ!"

ఆ రోజు బస్సులో తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకే సీట్లో ఇరుక్కుని, నాలుగేళ్ళ తరవాత కట్టబోయే వంతెనకి ఏ రంగు వెయ్యాలో వాదించుకున్నారు.

కర్మాగారంలో కార్డులు రాసేది మేస్త్రి. ఏడాది కార్డులన్నీ కలిపి, అంకెలు కూడి, ముద్ర కొట్టి సర్టిఫికెట్ ఇచ్చాడు. కాజాలక్క దాన్ని కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది. తెరిచి చూడలేదు. మర్నాడు గుమాస్తా అది చూసి, మళ్ళీ చూసి, మెల్లిగా అద్దం కిందనుంచి వెనక్కి తోసింది.

"గీత దాటిందమ్మా. కొంచెం కూడా కాదు, బాగా దాటింది."

"దాటడమేంటి? మా ఇంట్లో నేనొక్కదాన్నేగా సంపాదించేది!"

"కార్డుల్లో ఉన్నదే రాశారు. తప్పు పడిందనుకుంటే పది రోజుల్లో అప్పీలు పెట్టుకోండి. కానీ ఆ తప్పేంటో వాళ్ళచేతే రాయించి తేవాలి."

కాజాలక్కకి అప్పుడు వెలిగింది. కూతురు అంకెలు చూసి, అమ్మ ముఖం చూసి, వరండా దాటేదాకా ఆగింది.

"అమ్మా, ఇందులో సగం అమ్మమ్మది కదా? ఆ మాట చెప్పేస్తే సరిపోతుందిగా."

"చెబితే రేపట్నుంచి కోటు గేటు దాటదు. గది అద్దె ఎవరు కడతారు, మీ నాన్నొచ్చి కడతాడా?"

"మరి నా సంగతి?"

"చూద్దాం."

"చూద్దాం అంటే లేదని అర్థం. నాకు తెలీదా నీ భాష!"

కాజాలక్క చూడకపోలేదు. బ్యాంకుకి వెళ్ళింది. హామీ సంతకం కావాలన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ మేస్త్రిని పక్కకి పిలిచి నోరు విడిచి అడిగింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగేసరికి మేస్త్రి తినే ముద్ద ఆపేశాడు.

"మా అల్లుడి వ్యానుకి పెట్టానక్కా సంతకం. నా పేరు ఇప్పటికే తాకట్టులో ఉంది. ఇంకోటి పెడతానంటే బ్యాంకువాడు ఒప్పుకోడు."

"పోనీలెండి మేస్త్రిగారూ, మీ అల్లుడి వ్యానులో ఎప్పుడైనా తిప్పండి, అదే పదివేలు," అని నవ్వి, వెళ్ళి తన పీట మీద కూర్చుంది. ఆ పూట కుట్టిన కాజాలు రెండు వంకరపోయాయి. అవే చేతులతో విప్పుకుంది.

మెట్ల కింది గదికి మాత్రం ఏ కబురూ దిగలేదు. "ఏమైందే ఫీజు సంగతి?" అని పిన్ని రోజూ అడిగేది. "అయిపోయింది పిన్నీ, ముద్ర ఒక్కటే మిగిలింది" అని కాజాలక్క అబద్ధమాడేది. అప్పుడప్పుడూ కోట్ల సంచి తనే కిందికి దింపే కూతురు ఆ పని మానేసింది. పిన్ని మీద కోపం ఉండి కాదు. ఆ గదిలోకి వెళ్తే తన ముఖం పట్టేస్తుందని. చూపు లేనివాళ్ళ ముందు ముఖం దాచుకోవడం మహా కష్టం, గొంతే పట్టిస్తుంది.

ఆరో రోజు సాయంత్రం తల్లీకూతుళ్ళు అరుచుకున్నారు. "ఆమె కోసం నన్ను వదిలేస్తావా?" అంది కూతురు. అన్న మరుక్షణమే నోరు మూసుకుంది గానీ, మాట అప్పటికే మెట్లు దిగి పోయింది. ఆ ఇంట్లో పైన చెంచా పడితే కింద వినిపిస్తుంది.

తెల్లారేసరికి కోట్ల సంచి పైన కాజాలక్క గుమ్మంలో ఉంది. ముడి విప్పలేదు. కాజాలక్క గబగబా కిందికి దిగింది.

"చెయ్యి వణుకుతోందే, ఇక నావల్ల కాదు. ఈ నెలనుంచి నీ కార్డు తేలికవుతుంది. గీత కిందికి వచ్చేస్తావు," అంది పిన్ని. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవి ఇసుమంతైనా వణకడం లేదు.

కాజాలక్క గుమ్మంలోనే చతికిలపడింది. "పిచ్చి పిన్నీ, వాళ్ళు చూసేది పోయిన ఏడాది లెక్క. నువ్వు ఇప్పుడు మానేసినా, పోయిన ఏడాది కుట్టినవి ఊడిపోతాయా?"

పిన్ని కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "నాకెందుకు తట్టలేదే ఆ సంగతి," అని మాత్రం అంది.

ఆ మర్నాడు కాజాలక్క పనికి వెళ్ళేసరికి కర్మాగారంలో మిషన్లు ఆగి ఉన్నాయి. కాజాలు కుట్టేవాళ్ళ వరుసలో, ఆరేళ్ళ కింద తను కూర్చున్న పీట మీదే, ఉతికిన బట్టలు కట్టుకుని పిన్ని కూర్చుని ఉంది. నాలుగు వీధులు గోడ పట్టుకుని ఒక్కతే నడిచి వచ్చిందట. ఎదురుగా మేస్త్రి నిలబడి ఉన్నాడు.

"ఒక కోటివ్వు నాయనా," అంది పిన్ని. "నా చెయ్యి చూపిస్తాను. అప్పుడు నమ్ముతావు, సగం కోట్లు నేనే కుట్టానని."

మేస్త్రి కోటు తేలేదు. ముక్కాలిపీట జరుపుకుని ఆమె ముందు కూర్చున్నాడు. "చూపించక్కర్లేదు పెద్దమ్మా. నీది ఎడమచేతి కుట్టు. దారం ఎడమవైపు వాలుతుంది. ఈ చుట్టుపక్కల అలా కుట్టే మనిషి ఇంకొకరు లేరు. ఆరేళ్ళుగా నా బల్ల మీద రోజుకి నాలుగు కోట్లు ఎడమవైపు వాలినవి వస్తుంటే, నేనేం గుడ్డివాడినా?"

"గుడ్డిదాన్ని నేనున్నాగా, నీకెందుకు ఆ కష్టం!" అంది పిన్ని. ఎవరో కిసుక్కున నవ్వి, మళ్ళీ ఊరుకున్నారు.

"అదే రాసివ్వు మరి. సగం కోట్లు ఈమెవి కావని," అంది పిన్ని మళ్ళీ.

"రాస్తే దాని నకలు యజమాని బల్ల మీదికి వెళ్తుంది పెద్దమ్మా. తరవాత ఒక్క కోటు కూడా బయటికి రాదు."

"తెలిసే వచ్చాను."

మేస్త్రి తలెత్తి కాజాలక్క వంక చూశాడు. "నువ్వేమంటావక్కా?" అని అడగలేదు గానీ, ఆ చూపు అడిగింది. రాయొద్దండీ అన్న ఒక్క మాట ఆమె గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచింది కూడా. కిటికీ పక్క గోడకి పాత కోటొకటి వేలాడుతుంటే దాన్నే చూస్తూ నిలబడింది. మేస్త్రి ఇంకాసేపు ఆగాడు. ఆ తరవాత జేబులోంచి కలం తీశాడు.

అంతే. అంత నోరున్న మనిషి ఆ ఒక్క పూట మాట్లాడలేదు.

అప్పీలు నెగ్గింది. ఫీజు మాఫీ అయింది. కూతురు ఆ కాగితం పట్టుకుని పరుగున మెట్లు దిగి పిన్నిని వాటేసుకుంది. "అమ్మమ్మా, మొదటి వంతెన మీద మొదట నడిచేది నువ్వే!" అంది. "ముందు కటకటాలు గట్టిగా పెట్టించవే, నాకు అంచు కనపడదు," అంది పిన్ని.

యజమాని మేస్త్రిని పిలిచి మందలించాడు. ఆ సాయంత్రం నుంచి గేటు దగ్గర సంచులు వెతకడం మొదలైంది. కాజాలక్క తన కూలిలో సగం పిన్ని చేతిలో పెట్టబోతే పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కుట్టని కాజాకి కూలేంటే? నన్ను ఆ గతికి దించకు."

రెండు నెలలు గడిచాయి. అద్దె కట్టలేక పిన్ని గది ఖాళీ చేసింది. వేరే ఊళ్ళో ఉన్న అక్క కొడుకు వచ్చి తీసుకెళ్ళాడు. మంచివాడే, అన్నం పెడతాడు. అప్పుడప్పుడూ ఫోను చేసి ఇస్తాడు. "బాగానే ఉన్నానే," అంటుంది పిన్ని. "చేతులే, ఏం చెయ్యాలో తెలీక ఊరికే పడి ఉన్నాయి." కాజాలక్క అప్పుడు ఏదో ఒక జోకు వేస్తుంది. ఫోను పెట్టేశాక, సూదిలో దారం ఎక్కించడానికి రెండు మూడు సార్లు ప్రయత్నించాల్సి వస్తుంది.

ఏడాది తిరిగింది. మాఫీ కొనసాగించాలంటే మళ్ళీ సర్టిఫికెట్ చూపించాలి కదా. అదే వరండా, అదే అద్దం, అదే గుమాస్తా. ఆమె కాగితం చూసి ముఖం చేటంత చేసుకుంది.

"ఈసారి ఏ పేచీ లేదమ్మా. మీ ఆదాయం గీతకి చాలా కిందికి వచ్చేసింది. మంచిదేగా!"

"మంచిదేనమ్మా," అంది కాజాలక్క.

బయటికి వస్తుంటే గేటు దగ్గర కాపలా పెద్దాయన గొడుగు దులుపుతున్నాడు. ఆయన ఒంటి మీది కోటు వాళ్ళ కర్మాగారందే. పాతబడింది. మోచేతుల దగ్గర నూలు బయటపడింది. పై బొత్తాం దారానికి వేలాడుతోంది. ఆమె ఆగి, అడక్కుండానే దగ్గరికి వెళ్ళి, కాజా అంచు మీద బొటనవేలు పెట్టింది. దారం ఎడమవైపు వాలి ఉంది.

"ఏంటమ్మా?" అన్నాడు ఆయన ఒకడుగు వెనక్కి వేస్తూ.

"బొత్తాం ఊడిపోయేలా ఉంది బాబాయ్. కదలకు." సంచిలోంచి సూదీ దారం తీసి, ఆయన నిలబడ్డ చోటే బొత్తాం బిగించింది. దారం పళ్ళతో తెంపి, బొత్తాన్ని కాజాలో దూర్చి చూసింది. సరిగ్గా పట్టింది.

"కోటంతా అరిగిపోయింది గానీ, ఈ కాజాలు మాత్రం చెక్కుచెదరలేదమ్మా," అన్నాడు పెద్దాయన మురిసిపోతూ. "నువ్వే కుట్టావా ఏంటి?"

"కాదు," అంది కాజాలక్క. "నేను కుట్టినవి ఇటు వాలవు."

బస్సు రావడం చూసి కూడా ఆమె ఎక్కలేదు. వాన సన్నగా పడుతోంది. పెద్దాయన గొడుగు కిందికి రమ్మంటే తల అడ్డంగా ఊపి, తరవాతి బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడింది. ముఖం తుడుచుకోలేదు. వానలో తడిసిన ముఖాన్ని ఎవరూ ఏమీ అడగరు.