స1 కొడితే వచ్చే జీవితం

నారాయణఖేడ్ బస్టాండు నుంచి చర్చికి పోయే దారిలో, సైకిల్ పంక్చర్ దుకాణం పక్కన హనోకు టైపింగ్ సెంటర్ ఉండేది. చుట్టుపక్కల మండలాల్లో క్రైస్తవ కుటుంబంవాళ్లు ఎవరు కన్నుమూసినా, శవపెట్టె చేసే వడ్రంగి తర్వాత కబురు వెళ్లేది అక్కడికే. సమాధి ఆరాధనలో పోయినవారి జీవిత చరిత్ర ఒక పేజీ చదవడం ఆనవాయితీ. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెండ్లి, సంతానం వరకు ఇంటివాళ్లు వివరాలు చెప్పేవారు. సుగుణాల దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేవారు. అందుచేత తాలూకా మొత్తం మీద సుగుణాల శాఖ హనోకు అధీనంలోకి వచ్చింది.

2003లో జహీరాబాదు నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. దానికి తెలుగు తెలియదు. తెలియదన్న సంగతీ దానికి తెలియదు. ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషనుకుని మొదటి అక్షరాన్ని తనంతట తానే క్యాపిటల్ చేసేది. దాంతో ఆ చోట ఏ సంబంధమూ లేని మరో తెలుగక్షరం వచ్చి కూర్చునేది. వారం రోజులు మనిషీ యంత్రమూ ఒకరినొకరు దిద్దుకున్నారు. చివరికి హైదరాబాదులో కంప్యూటర్ నేర్చుకుని వచ్చిన దత్తు, మాటల్ని తనే దిద్దే ఆటోకరెక్ట్ పెట్టె తెరిచి టిక్కులన్నీ తీసేశాడు. ఒక్కటి ఉంచాడు.

"అన్నా, గిది మాత్రం తియ్యకు. ఎడమ గడిల పొట్టి గుర్తు పెట్టు, కుడి గడిల పొడుగు మాట పెట్టు. గుర్తు కొట్టి స్పేసు కొడితే పొడుగుది అదే వచ్చి పడ్తది. నీ వేళ్లు బతుకుతయ్."

వేళ్లు బతికాయి. పురుషులకు ప1, స్త్రీలకు స1. స1 కొడితే చాలు: "వీరు బాల్యము నుండి భయభక్తులతో పెరిగి, ప్రార్థనాపరురాలిగా, అతిథిప్రియురాలిగా, మృదుభాషిణిగా, సంఘమునకు స్తంభముగా ఉండి అందరి మన్ననలు పొందిరి." ఆ కుడి గడిలో రెండు వందల యాభై అయిదు అక్షరాలకు మించి పట్టవు. హనోకు ఎన్నడూ ఇబ్బంది పడలేదు. ఎంత గొప్ప జీవితమైనా అందులో ఇమిడిపోయి, ఇంకా కొంత చోటు మిగిలేది.

ప్రూఫులు చూసే బాధ్యత అతని భార్య రోజది. స్టూలు మీద కూర్చుని ప్రతి పేజీ పైకి చదివేది. ఆమె చదువుతుంటే పంక్చర్ దుకాణంలో గాలి కొట్టడం ఆపి వినేవారు, ఆపకపోయినా వినబడేది.

ఒకనాడు రెండు కాగితాలు చెరో చేత పట్టుకుని అడిగింది.

"ఏందయ్యా, కల్హేర్ సంగమ్మ, సిర్గాపూర్ ముసలామె, ఇద్దరు ఒక్కతీరుగనే బతికిన్రా?"

"పోయినోళ్ల గురించి మంచిగ రాయాలె గదా."

"సంగమ్మ మృదుభాషిణా? ఆమె తిట్టిందంటే బర్లు గూడ కొట్టంలకు ఉరికేటివి."

"నువ్వు తప్పులుంటే చూడు రోజా. గుణాలు చూడకు."

రోజ నవ్వింది. నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునే అలవాటు ఆమెకు లేదు. తర్వాత నవ్వు ఆపి, కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ఒక్క మాట చెప్తున్న, యాది పెట్టుకో. నేను పోతే గీ స1 కొట్టకు. నువ్వే రాయి. నాలుగు మాటలైనా సరే, నావి రాయి."

"ఇగ జల్దీ చదువు. నాగల్‌గిద్దోళ్లు వస్తరు."

"మాటియ్యి."

"ఇచ్చిన తియ్యి."

2011 వానాకాలంలో రోజకు కామెర్లు వచ్చాయి. పదిరోజులు దవాఖానలో ఉంది. ఒక మంగళవారం పొద్దున పోయింది. బుధవారం పదకొండింటికి ఆరాధన అన్నారు. బుధవారం ఏడున్నరకు హనోకు దుకాణం తెరిచాడు. తొమ్మిదికి కరెంటు పోతుంది. ఆ రోజుల్లో ఖేడ్‌లో నమ్మకంగా వేళకు జరిగేది అదొక్కటే.

పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెండ్లి ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత "రోజ గొంతు బస్టాండు దాకా వినబడేది" అని కొట్టాడు. చదువుకున్నాడు. చర్చిలో, పాస్టరు అయ్యగారు ఆరాధన అంగీ వేసుకుని, పెట్టె ముందు నిలబడి చదవవలసిన మాటేనా? తీసేశాడు. "చుట్టాలు వస్తే మొహం మాడ్చుకునేది, వాళ్లు పోయేటప్పుడు సంచి నిండ కందిపప్పు పోసి పంపేది" అని కొట్టాడు. మొహం మాడ్చుకోవడం సంఘానికి బాగుండదని ఆ ముక్క తీసేశాడు. మిగిలింది కందిపప్పు. అదీ తీసేశాడు. నిజమైన మాట ఏది కొట్టినా చర్చికి పనికిరానిదిగా తోచింది. ఎనిమిదేండ్లు తాలూకా మొత్తానికి సుగుణాలు సరఫరా చేసినవాడికి, సొంత భార్య దగ్గరికి వచ్చేసరికి సరుకు లేదు.

ఎనిమిది యాభైకి వేళ్లు స1 కొట్టాయి, స్పేసు కొట్టాయి. మృదుభాషిణి మొదలుకుని స్తంభం దాకా అంతా వచ్చి పడింది.

వెనక్కి తీసుకునే మీట ఒకటుంది. అది నొక్కితే వచ్చిందంతా పోయి, కొట్టిన గుర్తు మాత్రం మిగులుతుంది. హనోకు నొక్కాడు. తెర మీద స1 ఒక్కటే నిలబడింది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిది యాభై ఆరుకు మళ్లీ స్పేసు కొట్టాడు. రెండోసారి కొట్టింది తానే కనుక, యంత్రం చేసిందని ఎవరితోనూ చెప్పుకోలేకపోయాడు.

ఆరాధనలో అయ్యగారు నెమ్మదిగా చదివారు. "ప్రార్థనాపరురాలిగా..." ముందు వరుసలో గ్రేసమ్మ కూర్చుని ఉంది. ఎనిమిదేండ్లలో ఖేడ్‌లో జరిగిన ఏ సమాధికీ ఆమె రాకుండా లేదు. అయ్యగారి కంటే అర క్షణం ముందే "అతిథిప్రియురాలిగా" అన్నది. "మృదుభాషిణిగా" దగ్గర వెనక నుంచి ఇంకో ముగ్గురు కలిశారు. "స్తంభముగా" అని సంఘమంతా అంది. ఎవరి మనసులోనూ ఎగతాళి లేదు. ఆరాధనలో అయ్యగారి మాటకు జవాబు చెప్పినట్టే చెప్పారు. హనోకు పెట్టె మూత వైపే చూస్తూ నిలబడ్డాడు.

బయట గ్రేసమ్మ అతని చేయి పట్టుకుంది. "మంచిగ రాసినవ్ కొడుకా. నాక్కూడ గిట్లనే రాయాలె."

పదోనాడు హనోకు ఆటోకరెక్ట్ పెట్టె తెరిచి, స1 ఉన్న వరుస మీద నిలిచి, తీసివేయి అన్నాడు. అది నిజంగానా అని అడగకుండా తీసేసింది.

మర్నాడే నాగల్‌గిద్ద నుంచి దేవప్ప వచ్చాడు. అతని తల్లి పోయింది.

"మీ అవ్వ ఎట్లుండేది దేవప్పా?" హనోకు అడిగాడు. ఆ ప్రశ్న ఆ దుకాణంలో అదే మొదటిసారి.

దేవప్ప ఏడ్చాడు. హనోకు ఆగాడు. కళ్లు తుడుచుకుని దేవప్ప అన్నాడు: "మా అవ్వనా... రొట్టెలు కొడుతుంటే తనలో తానే కన్నడంల పాడేది. ఎవరన్న ఇంటున్నరంటే ఊకునేది."

హనోకు ఆ మాటలు ఉన్నదున్నట్టు టైపు చేసి చూపించాడు. దేవప్ప కంగారు పడ్డాడు.

"గది తియ్యన్నా. నలుగురు నవ్వుతరు. మీ ఇంటామెకు పెట్టినవు జూడు, గా మంచి మాటలు పెట్టు."

హనోకు రొట్టెలూ పాటా తీసేసి, స1 ఇప్పుడు లేదు గనుక, ఒక్కొక్క అక్షరమే కొట్టుకుంటూ వచ్చాడు. మృదుభాషిణి దగ్గర కాసేపు ఆగి, అదీ కొట్టాడు. ప్రింటు తీసి, అలవాటుగా కాగితాన్ని పక్కన రోజ కూర్చునే స్టూలు వైపు చాచాడు.

దేవప్ప అందుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.